గుర్రం యంత్రమయ్యే చోటు: దుషాం-వియోన్ శిల్పం దారిలో మట్టి నమూనా చేయడం ఎలా

జంతువూ యంత్రమూ కలిసిన బొమ్మ చేయమంటే చాలామంది ముందు జంతువును చేసి, తరువాత దాని ఒంటికి పళ్లచక్రాలు, బోల్టులు అతికిస్తారు. సైకిలు చైనుతో జూలు, స్పార్క్ ప్లగ్గులతో కళ్లు, పాత బేరింగులతో మోకాళ్లు పెడతారు. చూడగానే ముచ్చటేస్తుంది గానీ రెండో నిమిషానికి అందులో చూడవలసింది ఏమీ మిగలదు. ఫ్రెంచి శిల్పి రేమండ్ దుషాం-వియోన్ 1914లో చేసిన ‘గుర్రం’ అనే క్యూబిస్టు శిల్పం, అంటే రూపాన్ని విడగొట్టి పలకలుగా, వంపులుగా తిరిగి కూర్చే పద్ధతిలో చేసినది, ఈ దారిన పోలేదు. అందులో అతికించినట్టు కనిపించే భాగం ఒక్కటీ లేదు. గుర్రపు ఒంట్లో కదలిక ఎక్కడ పుడుతుందో సరిగ్గా అక్కడే ఎముకా కండా కడ్డీగా, పిస్టన్‌గా, ఇరుసుగా మారిపోయాయి. ఆ శిల్పానికి నకలు తీయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన మామూలు గుర్రం నుంచి యంత్రం దాకా వెళ్లిన క్రమాన్ని 30 సెంటీమీటర్ల ఎత్తు మట్టి నమూనాలో మీరే నడిచి చూసి, చివరకు దాన్ని ప్లాస్టర్‌లో పోత పోసుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. మట్టిపని కొంత అలవాటు ఉన్నవారికి రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు సరిపోతాయి.

ముందు చూడడం

మట్టి ముట్టుకునే ముందు శిల్పాన్ని కనీసం నాలుగు వైపుల నుంచి చూడాలి. దీని కంచు పోతలు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, లండన్‌లోని టేట్‌లో, వెనిస్‌లోని పెగ్గీ గుగ్గెన్‌హైమ్ సేకరణలో ఉన్నాయి. ఆ ఊళ్లకు దగ్గరలో ఉండే తెలుగువారు, ప్రదర్శనలో ఉన్నదో లేదో కనుక్కుని, వెళ్లి చుట్టూ తిరిగి చూడవచ్చు. మిగిలినవారు ఆ మ్యూజియాలు పెట్టిన ఫోటోలను వేర్వేరు కోణాలవి ఏరి, అచ్చు వేయించి, గోడకు పక్కపక్కన అంటించుకోవాలి. వాటి కింద రాసిన కొలతలు, తేదీలు ఒకదానితో ఒకటి పొసగకపోతే కంగారు పడవలసిన పనిలేదు. శిల్పి 1914లో ప్లాస్టర్‌లో చేసిన మూలరూపం అర మీటరు కూడా ఉండదు. ఆయన 1918లో చనిపోయిన తరువాత, 1930 ప్రాంతంలో దాన్ని సుమారు 1 మీటరుకు పెంచారు. మళ్లీ 1966లో, తమ్ముడు మార్సెల్ దుషాం పర్యవేక్షణలో, సుమారు 1.5 మీటర్లకు పెంచారు. అందువల్ల ఒకే గుర్రం మూడు కొలతల్లో, అనేక పోతల్లో లోకంలో తిరుగుతోంది.

చూసేటప్పుడు ‘తల ఏది, తోక ఏది’ అని వెతకడం మానుకోండి. బరువు ఎక్కడ ఆనింది, ఏది దేన్ని నెడుతోంది, మొత్తం రూపం ఎటు తిరుగుతోంది అనే మూడు ప్రశ్నలే వేసుకోండి. ఇది పరుగెత్తుతున్న గుర్రం కాదు. దూకబోయే ముందు కాళ్లను కడుపు కిందికి లాక్కుని, ఒళ్లంతా బిగబట్టిన గుర్రం. అడుగుభాగాన గిట్టను పోల్చుకోగలిగిన మరుక్షణం, దాని పైనున్న కాలు ఇంజను కడ్డీలా కనిపించడం మొదలవుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే గుర్రం మాయమై, ఇరుసు చుట్టూ తిరగబోతున్న యంత్రం ఒకటి మిగులుతుంది. ఈ మార్పు ఏ కోణం దగ్గర జరుగుతోందో ఫోటోల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మీ నమూనాకు కూడా అలాంటి మలుపు ఒకటి కావాలి.

శిల్పి గురించి తెలుసుకోవలసినది కొంచెమే అయినా అది ఈ పనికి అవసరం. ఆయన 1876లో నార్మండీలో పుట్టాడు. ప్యారిస్‌లో వైద్యం చదువుతూ, కీళ్లవాతపు జ్వరం వల్ల 1898లో చదువు మానేసి, గురువు లేకుండానే శిల్పం నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదలు కాగానే సైన్యంలో అశ్విక దళంలో వైద్య సహాయకుడిగా చేరాడు. యుద్ధానికి ముందే మొదలుపెట్టిన ఈ గుర్రాన్ని సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పూర్తి చేశాడు. అంటే శరీరం లోపల ఏముంటుందో చదివినవాడు, రోజూ గుర్రాల మధ్య మసలినవాడు చేసిన బొమ్మ ఇది. యంత్రాన్ని అతికించే అవసరం ఆయనకు ఎందుకు రాలేదో నాకైతే ఇక్కడే అర్థమవుతుంది.

గుర్రాన్ని కీళ్ల దగ్గర చదవడం

ఇప్పుడు గుర్రం బొమ్మలు గీయాలి. అందంగా రావాలన్న పట్టింపు వద్దు. పెళ్లి ఊరేగింపుకు తెచ్చిన గుర్రం దొరికినా, హైదరాబాదు మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగు చూడగలిగినా మంచిదే, లేకపోతే ఫోన్‌లో ఒక వీడియోను ఆపి ఆపి చూసినా చాలు. మనం ఇంజను శక్తిని కొలిచే మాట కూడా దీని నుంచి వచ్చిందే కదా. పొలంలో ‘ఐదు హార్స్‌పవర్ మోటారు’ అంటాం, పుస్తకంలో ‘అశ్వశక్తి’ అని రాస్తాం. ఫ్రెంచివారు దాన్ని ‘ఆవిరి గుర్రం’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వారి లెక్కలో 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపేది ఒక గుర్రం, అంటే సుమారు 735 వాట్లు. జంతువూ యంత్రమూ కలవడం శిల్పి ఊహించే నాటికే భాషలో స్థిరపడి ఉంది.

గీసేటప్పుడు మూడు చోట్ల చాలామంది పొరబడతారు. వెనక కాలు మధ్యలో వెనక్కి విరిగినట్టు కనిపించే కీలును మోకాలు అనుకుంటాం గానీ అది మన మడమకు సమానమైన చోటు. అసలు మోకాలు ఇంకా పైన, డొక్క పక్కన ఉంటుంది. ముందు కాలి మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. ఇక గిట్ట అనేది ఒకే ఒక్క వేలి చివర ఉన్న గోరు. గుర్రానికి జత్రుక (కాలర్‌బోన్), అంటే భుజాన్ని రొమ్ముకు కలిపే ఎముక, లేదు కనుక ముందు కాళ్లు మొండేనికి కండరాలతోనే వేలాడుతూ, బండి కింద స్ప్రింగుల్లా పనిచేస్తాయి. నిలబడినప్పుడు బరువులో సగానికి పైగా వాటి మీదే ఉంటుంది. ముందుకు నెట్టే పని మాత్రం ఎక్కువగా వెనక కాళ్లది.

వెనక కాలిలో ఇంకొక విశేషం ఉంది. మోకాలికీ మడమకూ మధ్య ముందొకటి, వెనకొకటి బిగుతైన స్నాయువు పట్టీలు ఉండడం వల్ల, మోకాలు వంగితే మడమ కూడా వంగక తప్పదు, ఒకటి చాచుకుంటే రెండోదీ చాచుకుంటుంది. రెండు కడ్డీలతో బిగించిన యంత్రపు లింకు సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని ఆ కాలును పది సార్లు గీయండి. పదో బొమ్మకు మీ చేయి దానంతటదే కండను వదిలి కడ్డీని గీయడం మొదలుపెడుతుంది.

భంగిమకు 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో వరసగా కెమెరాలు నిలిపి తీసిన పరుగు ఫోటోలు చూడండి. పూర్వపు చిత్రకారులు గుర్రం ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాచి గాలిలో తేలినట్టు వేసేవారు. ఆ ఫోటోల్లో నాలుగు గిట్టలూ నేలను వదిలేది కాళ్లు చాచినప్పుడు కాదు, కడుపు కింద దగ్గరకు ముడిచినప్పుడని తేలింది. మీ నమూనాకు ఎంచుకోవలసిన క్షణం ఇదే. చాచిన కాళ్లలో శక్తి ఖర్చయిపోయి ఉంటుంది, ముడిచిన కాళ్లలో ఇంకా దాగి ఉంటుంది.

ఇంట్లోనే ఒక ఇంజను

యంత్రం కోసం రైల్వే మ్యూజియానికి వెళ్లనక్కరలేదు. కాలితో తొక్కే పాత కుట్టుమిషన్ ముందు కూర్చోండి. కింద పలక ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దాని నుంచి పైకి పోయే సన్నని కడ్డీ చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంది. ఊగడాన్ని తిరగడంగా మార్చే ఈ అమరికే ఆవిరి ఇంజనులోనూ, మోటారుసైకిలు ఇంజనులోనూ ఉన్నది. కడ్డీ పైకొసా కిందికొసా ఎలా కదులుతున్నాయో ఒక పావుగంట చూసి గీయండి. కింది కొస చిన్న వంపులో ఊగుతుంటుంది, పై కొస పూర్తి వలయం చుడుతుంది, నడిమి భాగం కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. ఆ గీతలను గుర్రం వెనక కాలు బొమ్మ మీద పెట్టి చూస్తే, మడమ ఎక్కడ క్రాంకు (కడ్డీ ఊపును తిప్పుగా మార్చే వంకీ) కావాలో, తొడ ఎక్కడ పిస్టన్ గొట్టం కావాలో మీకే తోస్తుంది.

లోపలి కట్టు

కావలసినవి: 35 సెంటీమీటర్ల చదరపు మందపాటి ప్లైవుడ్ పలక, దాని మీద బిగించడానికి అర అంగుళం ఇనుప గొట్టం, సుమారు 4 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, కట్టడానికి సన్న ఇనుప తీగ, 8 కిలోల బంకమట్టి. మట్టి కుమ్మరుల దగ్గర దొరుకుతుంది, వినాయక చవితి రోజుల్లో అయితే ఎక్కడైనా దొరుకుతుంది. ఊక కలపనిది కావాలని ముందే చెప్పండి, లేకపోతే తరువాత మట్టిని చదును పలకలుగా కోసేటప్పుడు అంచు తెగి పీచు బయటికి వస్తుంది. మట్టి చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి.

గొట్టాన్ని పలక మధ్యలో నిలబెట్టకుండా, ఒక పక్కకు జరిపి బిగించి, పై కొసను గుర్రం డొక్కలోకి పోయేలా వంచండి. ఈ శిల్పం బరువు ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా లేచేది కనుక కట్టు కూడా అలాగే లేవాలి. మెడకు, నాలుగు కాళ్లకు అల్యూమినియం తీగలు చుట్టండి. లోపల మట్టి జారిపోకుండా, అగ్గిపుల్లంత పొడవు చెక్కముక్కలు రెండేసి కూడిక గుర్తులా కట్టి, సన్న తీగతో అక్కడక్కడా వేలాడదీయండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ చెక్కముక్కలు అనవసరపు చాదస్తం అనుకుని వదిలేశాను. సాయంత్రం గర్వంగా దూకడానికి సిద్ధంగా ఉన్న గుర్రం తెల్లవారేసరికి కడుపు జారి, కూర్చున్న గాడిదలా పలక మీద ఉంది.

మొదట నిజమైన గుర్రం, మీద రౌతు

ఈ మెట్టు దాటవేయాలని మీకు తప్పక అనిపిస్తుంది. దాటవేయకండి. దుషాం-వియోన్ కూడా మొదట చేసినది రౌతుతో ఉన్న, పోల్చుకోదగిన గుర్రాన్నే. దాని నుంచి ఒక్కొక్క రూపం దాటుకుంటూ యంత్రం వైపు వెళ్లాడు. మీరు కూడా ముడుచుకున్న గుర్రాన్ని, దాని మీద వంగి కూర్చున్న మనిషిని వివరాలు లేకుండా, బరువులు మాత్రం సరిగా వచ్చేలా మట్టిలో నిలపండి. కళ్లు, నోరు, జూలు అక్కరలేదు. పక్కటెముకల పీపా, తుంటి, భుజం, మెడ అనే నాలుగు పెద్ద ముద్దలూ వాటి వంపులూ చాలు. తడి గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టి, రెండు రోజులు చూస్తూ సరిదిద్దండి. నాలుగు వైపులా ఫోటోలు తీసి దాచుకోండి.

ఆ తరువాత రౌతును తీసేయండి. ఆ శిల్పి గుర్రంలోనూ చివరికి రౌతు మిగల్లేదు. తనంతట తాను కదిలే యంత్రానికి పైనుంచి అదిలించేవాడు అక్కరలేదు. అయితే అతను కూర్చున్న చోట ఏర్పడిన పల్లాన్ని పూడ్చకండి. మనిషి బరువు పోయిన ఆ ఒంపు, ఇప్పుడు వెన్ను నొక్కిపెట్టిన స్ప్రింగులా కనిపిస్తుంది.

ఒక్కొక్క కీలు మార్చడం

పని అంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. రోజుకు ఒక కీలు కంటే ఎక్కువ మార్చవద్దు.

వెనక కాలితో మొదలుపెట్టండి. తొడ కండ ఉబ్బును కత్తితో కోసి, నిటారైన గుండ్రని గొట్టంగా తీయండి. మోకాలి నుంచి మడమ దాకా ఉన్న భాగాన్ని రెండు పక్కలా చదును చేసి, కొసలు గుండ్రంగా ఉన్న కడ్డీగా మార్చండి. మడమ దగ్గర, రూపాయి బిళ్లకు రెట్టింపు వెడల్పున బిళ్ల ఒకటి నిలపండి. గిట్టను మాత్రం గిట్టగానే ఉంచండి. చూసేవారికి ఇది గుర్రమని పట్టిచ్చే ఆధారం ఒక్కటైనా మిగలాలి, అది నేలకు దగ్గరగా, బరువు మోసే చోట ఉంటే మిగతా అంతటా మీరు ఎంత స్వేచ్ఛ తీసుకున్నా బొమ్మ నిలుస్తుంది.

భుజం దగ్గర పద్ధతి వేరు. అక్కడ ఎముకల ముడి లేదు, వేలాడే అమరిక ఉంది కనుక కడ్డీని కాక, ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు పలకలను, బండి పట్టీల స్ప్రింగును తలచుకుని మలచండి. మెడ మొదలు దగ్గర ఒక మందపాటి ఇరుసు, దాని మీద ఏటవాలుగా లేచే మెడ, కొసన సుత్తిలా ముక్కుసూటిగా తెగిన తల వస్తాయి. డొక్క భాగం సంగతి మీ ఇష్టం. నేనైతే అక్కడ లోపలికి పోయే లోతైన పల్లం తీస్తాను. చుట్టూ ఉన్న భాగాలన్నీ ఆ చీకటి చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించడానికి అది పనికొస్తుంది.

ప్రతి మార్పు తరువాతా ఒక పరీక్ష ఉంది. ఆ భాగం మీద వేలు పెట్టి, ‘ఇది కదిలితే ఏది కదలాలి?’ అని అడగండి. జవాబు వెంటనే వస్తే ఉంచండి. రాకపోతే అది అలంకారం, ఎంత అందంగా వచ్చినా గీకేయండి. బోల్టు తలలు, పళ్లచక్రాలు, మరమేకుల గీతలు దాదాపు ఎప్పుడూ ఈ పరీక్షలో తప్పుతాయి.

పలకలు తీయడం, తిప్పి చూడడం

కీళ్లు మారాక, ఉపరితలాన్ని పలకలుగా కోయాలి. సన్న తీగను రెండు కర్రముక్కల మధ్య బిగించి, సబ్బు కోసినట్టు ఒకే లాగులో కోయండి. కత్తితో చిన్నచిన్నగా గీరితే పలక రాదు, గరుకు వస్తుంది. క్యూబిజం అంటే అంతటా మూలలు పెట్టడమని అనుకోవద్దు. గుండ్రని గొట్టం పక్కన చదునైన పలక, పలక పక్కన పదునైన అంచు వస్తేనే దేని గుణం దానికి తెలుస్తుంది. దుషాం-వియోన్ గుర్రంలో నున్నని వంపులు ఎన్ని ఉన్నాయో ఫోటోల్లో మరొకసారి లెక్కపెట్టండి. ఆ కాలంలోనే యంత్రాన్నీ వేగాన్నీ ఆరాధించిన ఇటలీ శిల్పి ఉంబెర్తో బొచ్చోని 1913లో చేసిన నడిచే మనిషి శిల్పాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. అందులో వేగం గాలిలా ఒంటిని వెనక్కి ఊడ్చుకుపోతుంది, ఇక్కడ శక్తి లోపలే చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆ బొచ్చోని 1916లో సైనిక శిక్షణలో గుర్రం మీద నుంచి పడి చనిపోవడం విచిత్రం.

ఇక అడుగున ఉన్న ప్లైవుడ్ పలకను తిప్పండి. చీకటి గదిలో ఒక పక్క నుంచి ఒకే దీపం పెట్టి, నమూనాను పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల ఆగండి. ఒక వైపు గుర్రం, దాని పక్క వైపు యంత్రం కనిపించాలి. నాలుగు వైపులా గుర్రమే కనిపిస్తే ఇంకా కోయాలి, నాలుగు వైపులా యంత్రమే కనిపిస్తే గిట్ట దగ్గరకో మెడ దగ్గరకో తిరిగి వెళ్లాలి.

ప్లాస్టర్ పోత

లోపల ఇనుము ఉన్న మట్టిని బట్టీలో కాల్చలేం కనుక ప్లాస్టర్ పోత తప్పదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అన్న పేరు ప్యారిస్ మోంమార్త్ర్ గుట్టలో తవ్విన జిప్సమ్ వల్ల వచ్చింది, దుషాం-వియోన్ మూలరూపం కూడా ప్లాస్టరే.

కూల్‌డ్రింక్ డబ్బాల రేకును రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి, మట్టి గుర్రాన్ని రెండు సగాలుగా విడగొట్టే గీత వెంబడి వరసగా గుచ్చండి. ఒక్కో విడతకు బకెట్లో 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సుమారు 1 కిలో ప్లాస్టర్‌ను చేత్తో చల్లుతూ నీళ్లలో వేయండి. ప్లాస్టర్ మీద నీళ్లు పోయకూడదు, ఉండలు కడుతుంది. రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా కలపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. చేతిని ఎప్పుడూ గట్టిపడే ప్లాస్టర్‌లో ఉంచవద్దు, గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి చర్మం కాలుతుంది. మిగిలిన ప్లాస్టర్ నీళ్లు సింకులో పోయకండి, గొట్టం లోపలే రాయి అవుతుంది.

మొదటి పూతలో బట్టలకు వాడే నీలం కొద్దిగా కలిపి, సగం సెంటీమీటరు మందాన అంతటా చిలకరించండి. దాని మీద తెల్ల ప్లాస్టర్ రెండు సెంటీమీటర్లు వేయండి. అరగంట తరువాత సగాలను విడదీసి, మట్టినీ కట్టునూ బయటికి లాగి, మూసను కడిగి, లోపల సబ్బు నీళ్లు మూడు సార్లు పూసి, పైన పలుచగా నూనె రాయండి. సగాలను తాడుతో కట్టి, కాళ్లలో తీగ ముక్కలు ఉంచి, తెల్ల ప్లాస్టర్ పోసి నింపండి.

మరునాడు మొండి ఉలి, చిన్న సుత్తి తీసుకుని పై నుంచి కిందికి మూసను పగలగొట్టండి. తెల్లది పోతున్నంతసేపు ధైర్యంగా కొట్టవచ్చు. నీలి పొర కనిపించిందంటే మీ గుర్రం ఇక అర సెంటీమీటరు దూరంలో ఉందని అర్థం, అక్కడి నుంచి గిల్లినట్టు కొట్టాలి. సన్న కడ్డీల దగ్గర ఒకటో రెండో విరుగుతాయి, వాటిని తడి ప్లాస్టర్‌తో అతికించి, వారం ఆరనిచ్చి, లక్క పూత వేయండి. చివరగా అడుగు పలకకు మధ్యలో పాత టేబుల్ ఫ్యాన్ బేరింగు ఒకటి బిగించండి. చూడవచ్చినవారు చుట్టూ తిరగకపోయినా, వేలితో తోస్తే గుర్రమే వారి వైపు తిరుగుతుంది.